ట్యాంకు ఫుల్లు.. గోలెం నిల్లు!

విజయవాడలో కూర్చుని కోడ్ రాసుకునే నేను, తాతయ్య వదిలి వెళ్లిన పాడుబడ్డ మకాంలో గేదెలకి 'ఆటోమేటిక్' నీళ్ల ఏర్పాటు చేశా. నా ఫోన్‌లో అంతా పచ్చగానే కనిపించింది. అక్కడ మాత్రం చూడి గేదె కూలబడిపోయింది. ఎక్కడ తప్పు జరిగిందో, ఎలా సరిదిద్దుకున్నానో చెబుతా.

పోయిన వేసవి. మే మొదటి వారం. మంగళవారం మధ్యాహ్నం రెండున్నర. టీమ్ మీటింగ్‌లో ఉన్నా. అలవాటుగా ఫోన్ తీసి యాప్ చూశా. 'ట్యాంకు: 92 శాతం'. పక్కనే పచ్చ చుక్క. హమ్మయ్య అనుకుని ఫోన్ బోర్లా పెట్టేశా.

మూడింటికి అమ్మమ్మ ఫోన్. ఎప్పుడూ మిస్డ్ కాల్ ఇచ్చి ఊరుకుంటుంది, నేను తిరిగి చేస్తా. ఆ రోజు మాత్రం మోగుతూనే ఉంది. ఎత్తితే ఒకటే మాట.

"చుక్క లేవట్లేదురా. గోలెం ఎండిపోయి ఉంది."

చుక్క మా గేదె. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంటుందని అమ్మమ్మ పెట్టుకున్న పేరు. అప్పటికి ఏడో నెల చూడి. ట్యాంకు నిండా నీళ్లున్నాయి కదా, గోలెం ఎందుకు ఎండింది? ఆ క్షణంలో నాకు ఏమీ అర్థం కాలేదు. లాప్‌టాప్ మూసేసి బైక్ తీశా.

నీళ్ల మధ్య దాహం

అసలు నేను గేదెల జోలికి ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి.

2024 సెప్టెంబర్ 1. బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన రోజు. మేం అద్దెకుండేది అక్కడే, రెండో అంతస్తులో. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణా వరద 11 లక్షల క్యూసెక్కులు దాటిందని వార్తలు. ఇటు మా వీధిలో మెడలోతు నీళ్లు. కరెంటు లేదు, మోటారు ఆడదు, మేడ మీద ట్యాంకు ఖాళీ. చుట్టూ నీళ్లే, తాగడానికి గుక్కెడు లేవు. రెండు రోజులు ఉన్న సీసాల్నే మూతలతో కొలుచుకుని తాగాం. పడవలో వచ్చినవాళ్లు వాటర్ ప్యాకెట్లు అందిస్తే నేను ఎలా ఎగబడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నీళ్లు తీశాక అమ్మా నేనూ అమ్మమ్మ ఊరికి వెళ్లిపోయాం. బందరు రోడ్డు మీద పామర్రు దాటాక, బందరు ఇంకాస్త దూరం ఉందనగా పక్కకి తిరిగితే వస్తుంది. తాతయ్య పోయి అప్పటికి నాలుగేళ్లు. పొలం కౌలుకి ఇచ్చేశారు. ఊరి చివర మకాం మాత్రం ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది. పాక ఒక పక్కకి ఒరిగింది. చిన్న చెరువు నిండా తూటికాడ, గుర్రపుడెక్క. దారి పొడుగునా సర్కారు తుమ్మ. మోటారు ఎప్పుడో తుప్పు పట్టింది.

ఆ పాకలో నాలుగు గేదెలు, రెండు దూడలు. వాటికి దిక్కు డెబ్బై ఏళ్ల అమ్మమ్మ.

కంపెనీ వరద సెలవు ఇచ్చింది. ఊళ్లో పనేం లేదు. ఒకరోజు ఊరికే అమ్మమ్మ మోసే బకెట్లు లెక్కపెట్టా. పొద్దున పదిహేను, సాయంత్రం పన్నెండు. మొత్తం 27. ఒక్కోదాంట్లో 15 లీటర్లు. అంటే రోజుకి 400 లీటర్ల పైనే. కాలువ పారినన్నాళ్లు బోదెలోంచి, కట్టేశాక రోడ్డు మీది కుళాయి నుంచి. ఏదైనా పాకకి 60 మీటర్ల దూరం. వెళ్లి రావడం 120. లెక్క కడితే రోజుకి మూడు కిలోమీటర్ల పైన నడక. అందులో సగం పదిహేను కిలోల బరువుతో! మనం స్మార్ట్‌వాచ్ పెట్టుకుని అడుగులు లెక్కపెట్టుకుంటాం. అమ్మమ్మ రోజూ జిమ్ చేస్తోంది, మోకాళ్ల నొప్పుల మాత్ర వేసుకుని.

"అమ్మేయమ్మా, ఇంక నీవల్ల కాదు" అని హైదరాబాద్ నుంచి మావయ్య ఏడాదిగా పోరు పెడుతున్నాడు. బేరగాడు కూడా వచ్చి చూసి వెళ్లాడు. అమ్మమ్మది ఒకటే మాట: "మీ తాతయ్య పోయాక తెల్లారగట్ల నన్ను లేపేది అవేరా. అవి కూడా పోతే నేనెందుకు లేవాలి?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. వరదలో పడ్డ దాహం ఇంకా గొంతులోనే ఉంది. "సంక్రాంతి దాకా ఆగండి, ఏదో ఒకటి చేస్తా" అని మావయ్యకి చెప్పేశా. ఇంజినీర్‌ని కదా!

గేదె ఎన్ని నీళ్లు తాగుతుంది?

ఏ పని మొదలుపెట్టినా ముందు అవసరం ఎంతో తెలియాలి. చదవడం మొదలుపెట్టాక ఆశ్చర్యం వేసింది.

గేదె పాలల్లో 80 శాతం పైన నీళ్లే. అంటే ఇచ్చే ప్రతి లీటరుకీ ముందు తాగాలి. పైగా గేదెకి చెమట గ్రంథులు ఆవు కంటే బాగా తక్కువ. నల్లటి ఒళ్లు, వేడి ఇట్టే లాగేస్తుంది. అందుకే ఎండ ముదిరితే బురదగుంటలు వెతుక్కుంటుంది. పాలిచ్చే పెద్ద గేదె వేసవిలో రోజుకి 80 లీటర్లు, ఒక్కోసారి వంద దాకా తాగేస్తుంది.

మేతని బట్టి కూడా లెక్క మారుతుంది. పచ్చగడ్డిలో ముప్పావు వంతు నీరే ఉంటుంది. ఎండు వరిగడ్డిలో పదో వంతు కూడా కష్టం. డెల్టాలో వేసవి మేత ఏంటి? వామిలోంచి లాగే వరిగడ్డే. పిల్లిపెసర, జనుము ఉన్నన్నాళ్లే పచ్చిమేత. అంటే మండే ఎండ, ఎండు మేత, కట్టేసిన కాలువ.. మూడూ ఒకేసారి వచ్చి పడతాయి.

ఇంకో విషయం. రెండు పూటలా బకెట్ పెడితే సరిపోదు. పాలు తీశాక దాహమేస్తుంది, మేత తిన్నాక దాహమేస్తుంది, అర్ధరాత్రి కూడా వేస్తుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మరి నోరులేని జీవం ఏమని అడుగుతుంది? దానికి కావాల్సినప్పుడు నీళ్లు అక్కడ ఉండాలి. అంతే.

కింద ఉప్పు.. పైన తీపి

'బోరు ఉంది కదా, మోటారు పెట్టేస్తే అయిపోతుంది' అనుకున్నా. మూడొందల రూపాయల టీడీఎస్ మీటర్ కొని బోరు నీళ్లలో పెడితే 4,200 చూపించింది.

మనుషులకైతే 500 లోపు మంచివి, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఫర్వాలేదని బీఐఎస్ ప్రమాణం. పశువులకి కాస్త వెసులుబాటు ఉంది. వెయ్యి లోపు బ్రహ్మాండం. మూడు వేల దాకా బాగానే ఉంటాయి. మూడు నుంచి ఐదు వేల మధ్య తాగొచ్చుగానీ, అలవాటు లేనివి మొహం తిప్పేసుకుంటాయి, పారుకోవచ్చు కూడా. ఐదు వేలు దాటితే చూడివాటికీ పాలిచ్చేవాటికీ పెట్టకపోవడం మంచిది. ఏడు వేలు దాటితే అసలు ఆ నీళ్ల జోలికే పోకూడదు. మా బోరు వేసవిలో ఇంకా ఉప్పెక్కుతుందని ఊళ్లో అందరికీ తెలుసు. ఒక బకెట్ పట్టి చుక్క ముందు పెట్టా. వాసన చూసి, ముక్కుతో బకెట్ తన్నేసింది. మీటర్ కంటే అదే నయం!

సముద్రానికి దగ్గరగా ఉన్న మా వైపు భూమి కింద ఉప్పు నీరే ఎక్కువ, దాని మీద తీపి నీరు పలచటి పొరలా ఉంటుంది. మేం తాగే నీళ్లూ, పండించే పంటా కాలువ పెట్టిన భిక్షే. విజయవాడ దగ్గర 1855లో ఆనకట్ట పూర్తయింది. దాని బదులు 1957లో 70 గేట్లతో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడ వదిలితేనే ఇక్కడ పారుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేముందు ఊరి మంచినీళ్ల చెరువులు నింపుకోమంటారు. 2015 నుంచి పట్టిసీమ పుణ్యమా అని గోదావరి నీళ్లు కూడా కృష్ణా డెల్టాకి వస్తున్నాయి. కానీ అవి గోదావరికి కొత్త నీరు వచ్చాక ఎత్తిపోసేవి. మే నెల దాహానికి అందవు.

కాబట్టి దారి ఒక్కటే. కాలువ పారేటప్పుడు పట్టి దాచుకోవాలి. తాతయ్య చెరువు తవ్వించింది అందుకేనని నాకు అప్పుడు తెలిసింది.

గేదెల కంటే సూర్యుడే ఎక్కువ తాగుతాడు

డిసెంబర్‌లో జేసీబీ తెప్పించి తూటికాడ, గుర్రపుడెక్క, పూడిక తీయించా. "పనిలో పని, ఇంకో మూడడుగులు దింపుదాం బాబాయ్, బోలెడు నీళ్లు పడతాయి" అన్నా పక్క మకాం బాబాయ్‌తో.

ఆయన బీడీ పక్కన పెట్టి నవ్వారు. "దింపు. కింద నుంచి ఉప్పు ఊరుద్ది. అప్పుడు ఆ బోరూ ఇదీ ఒకటే."

బీటెక్‌లో నాలుగేళ్లూ ఎవరూ చెప్పని పాఠం అది. ఐదడుగుల దగ్గర ఆపేశాం.

తర్వాత లెక్క కట్టా. చెరువు 12 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు. ఒడ్ల వాలు తీసేస్తే లక్షా ముప్పై వేల లీటర్ల దాకా పడుతుంది. వేసవిలో గేదెలకి కడగడంతో కలిపి రోజుకి 500 లీటర్లు. కాలువ రాని రోజులు 75 అనుకుంటే 37,500 లీటర్లు. సరిపోయినట్టే కదా? అక్కడే ఉంది మెలిక. ఎండకి రోజుకి 7 మిల్లీమీటర్లు ఆవిరైపోతుందనుకుంటే, ఈ చెరువు నుంచి రోజుకి 840 లీటర్లు పోతాయి. 75 రోజులకి 63 వేలు! గేదెల కంటే సూర్యుడే ఎక్కువ తాగుతాడు. రెండూ కలిపితే లక్ష. నల్లమట్టి కాబట్టి ఇంకిపోవడం తక్కువ. గట్టెక్కుతాం, కాకపోతే బొటాబొటీగా.

ఇక సిస్టమ్ ఇదీ. చెరువు నుంచి అర హెచ్‌పీ మోటారు నీళ్లు తోడుతుంది. పాక పక్కన ఇనుప స్టాండ్ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. అక్కడి నుంచి భూమిలో అడుగు లోతున అంగుళం పైపు గోలెం దాకా. గోలెం దగ్గర ఫ్లోట్ వాల్వ్. మన బాత్రూమ్ ఫ్లష్ ట్యాంకులో ఉండేదే. నీళ్లు తగ్గితే బంతి దిగుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది. నిండితే బంతి లేస్తుంది, మూసుకుంటుంది. కరెంటు పోయినా ట్యాంకులో రెండు రోజుల నీళ్లుంటాయి. వరదలో నేర్చుకున్నది మర్చిపోలేదు.

స్టాండ్ విజయవాడ ఆటోనగర్‌లో చేయించా. నా డ్రాయింగ్ చూసి వెల్డింగ్ చేసే అన్న తల అడ్డంగా ఊపాడు. "నిండితే టన్ను బరువు బాబూ. ఈ యాంగిల్ ఆగదు. గేదె వచ్చి ఒళ్లు రుద్దుకుందంటే ట్యాంకు దాని నెత్తిన పడుద్ది." గేదె స్టాండ్‌కి ఒళ్లు రుద్దుకుంటుందని నా డ్రాయింగ్‌లో లేదు మరి!

గోలెం మాత్రం కొత్తది కొనలేదు. తాతయ్య కాలం నాటి కుడితి గోలెం ఉంది, 300 లీటర్లు పడుతుంది. దాన్ని కడిగి, సున్నం కొట్టి నీళ్లకి కేటాయించాం. కుడితికి వేరే చిన్న తొట్టి. రెండూ ఒకదాంట్లో పెడితే తవుడు, చిట్టు వెళ్లి వాల్వ్‌లో ఇరుక్కుంటాయి. 'కుడితిలో పడ్డ ఎలుక'లా అయిపోతుంది మన పరిస్థితి.

అంత పెద్ద గోలెం ఎందుకంటే, నీళ్ల ఒత్తిడి ఎత్తుని బట్టి వస్తుంది. పది మీటర్ల ఎత్తుంటే ఒక బార్. నా స్టాండ్‌కి వచ్చేది 0.2 బార్ అటూ ఇటూ. ధార సన్నగానే వస్తుంది. గేదె మూతి పెట్టిందంటే నిమిషంలో పది లీటర్లు లాగేస్తుంది. నాలుగూ ఒకేసారి వస్తే? ముందే నిండి ఉన్న నిల్వ కావాలి. మన భాషలో చెప్పాలంటే గోలెమే క్యాష్ మెమరీ.

చివరగా నా ముచ్చట. ట్యాంకు మూతకి అల్ట్రాసోనిక్ సెన్సార్, ఒక ఈఎస్‌పీ32 బోర్డు, ఒక సిమ్ రూటర్. నీళ్లు 30 శాతం కంటే తగ్గితే ఫోన్‌కి నోటిఫికేషన్. లేదంటే పచ్చ చుక్క.

సంక్రాంతికి అమ్మమ్మ కొబ్బరికాయ కొట్టింది. 27 బకెట్లు సున్నా అయ్యాయి. నెల తిరిగేసరికి పాలిచ్చే గేదెలు పూటకి అర లీటరు దాకా పెంచాయి. గ్రాఫ్‌లో చూస్తే అవి రాత్రి పదకొండుకీ, తెల్లవారుజామున మూడింటికీ కూడా తాగుతున్నాయి. ఇన్నేళ్లూ ఆ టైమ్‌లో వాటికి నీళ్లే లేవన్నమాట. మావయ్య ఫోన్‌లో అమ్మకం మాట మానేశాడు. నేను అందరికీ గర్వంగా చెప్పా: "ఇంక నీళ్ల సంగతి మీరు మర్చిపోండి."

ఆ మాటే మా కొంప ముంచింది.

పచ్చ చుక్క చేసిన మోసం

మే వచ్చేసరికి చెరువు సగానికి దిగింది. నీళ్లు పచ్చబడ్డాయి. నాచు పోగులు మోటారు ద్వారా ట్యాంకులోకి, ట్యాంకు నుంచి పైపులోకి వచ్చాయి. సోమవారం రాత్రి తొమ్మిది ప్రాంతంలో ఒక నాచు ఉండ ఫ్లోట్ వాల్వ్ రంధ్రంలో ఇరుక్కుంది. ఆ రంధ్రం పెన్ను రీఫిల్ అంత ఉంటుంది. బంతి కిందకి దిగి వేలాడుతోంది, వాల్వ్ తెరిచే ఉంది, నీళ్లు మాత్రం రావట్లేదు. రాత్రికి రాత్రి గేదెలు గోలెం ఖాళీ చేసేశాయి.

అమ్మమ్మ సోమవారం మధ్యాహ్నమే కంటి పరీక్షకి బందరు వెళ్లి బంధువులింట్లో ఉండిపోయింది. ఇదివరకు ఎప్పుడూ అలా ఉండలేదు. 'ఆటోమేటిక్ కదా' అన్న ధైర్యం. మంగళవారం పొద్దున పాలు తీసే కుర్రాడు వచ్చాడు, పాలు తీశాడు, మేత వేశాడు, వెళ్లిపోయాడు. గోలెంలోకి తొంగి చూడలేదు. ఎందుకు చూస్తాడు? మర్చిపొమ్మని చెప్పింది నేనే కదా.

ఇక నా యాప్. రాత్రి తొమ్మిదికి 92 శాతం. పన్నెండుకి 92. పొద్దున ఏడుకి 92. మధ్యాహ్నం రెండున్నరకి 92. పద్దెనిమిది గంటలు ఒకటే అంకె. నేను దాన్ని 'అంతా బాగుంది' అని చదువుకున్నా. నిజానికి దాని అర్థం 'ఎవరూ తాగట్లేదు' అని. గేదె ముందు నీళ్లున్నాయా లేదా అన్నది నేను కొలవనే లేదు. కొలవడానికి సులువైన ట్యాంకుని కొలిచా.

మూడింటికి అమ్మమ్మ బస్సు దిగి నేరుగా మకాంకి వెళ్లింది. మిగతా గేదెలు నాలుక బయట పెట్టి రొప్పుతున్నాయి. చుక్క కాళ్లు ముడిచి పడి ఉంది. బాబాయ్ 1962కి ఫోన్ చేశారు. పశువుల అంబులెన్స్ వచ్చేలోపు ఆయన, పాలు తీసే కుర్రాడు కలిసి చుక్క మీద గోనెసంచులు కప్పి తడుపుతూ ఉన్నారు. డాక్టర్ గారు వచ్చి చూస్తే 105 డిగ్రీల జ్వరం. సెలైన్ ఎక్కించారు. "దాహంతో ఉన్నాయి కదా అని ఒకేసారి వదలకండి. కొంచెం కొంచెంగా, గ్యాప్ ఇచ్చి తాగించండి" అని మిగతావాటికి కూడా జాగ్రత్త చెప్పారు. ఎండిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా నీళ్లు పడితే అదో ప్రమాదమట.

నేను వెళ్లేసరికి ఐదున్నర. గోలెం దగ్గర కూర్చుని వాల్వ్ విప్పా. బఠాణీ గింజంత నాచు ఉండ అరచేతిలో పడింది. దాన్ని చూస్తుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

రాత్రి ఎనిమిదింటికి చుక్క లేచి నిలబడింది. కడుపులో దూడ సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టర్ గారు.

అమ్మమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. కుడితి కలుపుతూ, నా వైపు చూడకుండానే అంది. "నీ ఫోన్‌కి దాహం వేయదు కదరా."

ఎర్ర గుడ్డ

ఆ వారం సెలవు పెట్టి అక్కడే ఉండిపోయా. మొదట నా ఆలోచన ఇంకో సెన్సార్ పెట్టడం. గోలెంలో ఒకటి, పైపులో ఒకటి, వీలైతే కెమెరా కూడా. అమ్మమ్మ అంతా విని, "అది చెడిపోతే ఎవరు చూస్తారు?" అంది. నేనేగా. "నువ్వెక్కడుంటావు?" విజయవాడలో.

చర్చ అక్కడితో అయిపోయింది.

ఆవిడే లోపలికి వెళ్లి ఖాళీ నూనె డబ్బా తెచ్చింది. దానికి నిలువుగా ఒక కర్ర కట్టమంది. కర్ర చివర పాత ఎర్ర జాకెట్టు గుడ్డ. గోలెం అంచుకి ఒక ఇనుప రింగు బిగించి అందులోంచి కర్ర నిలబెట్టాం. గోలెం నిండుగా ఉంటే డబ్బా తేలి గుడ్డ పైకి లేస్తుంది, రోడ్డు మీద నుంచి కనిపిస్తుంది. నీళ్లు దిగితే గుడ్డ గోలెం చాటుకి దిగిపోతుంది. అంతే. బ్యాటరీ లేదు, సిగ్నల్ అక్కర్లేదు. పొలానికి వెళ్లేవాళ్లు, స్కూల్ పిల్లలు, పాల సైకిల్ అతను.. ఊరంతా మానిటరింగ్ టీమే. "పిన్నిగారూ, మీ జెండా దిగిందండోయ్" అని కేక వేసి పోతారు.

మిగతా మార్పులు నావి. మోటారు ఫుట్‌వాల్వ్‌ని నీటి పైనుంచి అడుగు కింద ఉండేలా తేలే డబ్బాకి వేలాడదీశా. పైన తెట్టు రాదు, కింద బురద రాదు. దాని చుట్టూ సన్న జల్లెడ. ట్యాంకు నుంచి బయటకొచ్చే చోట ఒక ఫిల్టర్, వారానికోసారి విప్పి కడగడానికి వీలుగా. ఫ్లోట్ వాల్వ్ పెద్ద రంధ్రం ఉన్నది. అది ఆగిపోయినా ఫర్వాలేదు, పక్కనే చేత్తో తిప్పే మామూలు కుళాయి. అమ్మమ్మ తిప్పగలదు, పాలు తీసే కుర్రాడూ తిప్పగలడు.

యాప్ తీసెయ్యలేదు. కాకపోతే అది అడిగే ప్రశ్న మార్చా. ఇదివరకు 'ట్యాంకులో నీళ్లున్నాయా?' అని చూసేది. ఇప్పుడు 'గేదెలు తాగుతున్నాయా?' అని చూస్తుంది. పగటిపూట నాలుగు గంటలు నీటిమట్టం కదలకపోతే నోటిఫికేషన్ కాదు, ఏకంగా ఫోన్ మోగుతుంది. నాకూ, బాబాయ్‌కీ, పాలు తీసే కుర్రాడికీ ముగ్గురికీ. 'మర్చిపోండి' అన్న మాట వెనక్కి తీసుకున్నా. ఎవరు పాకలోకి వచ్చినా ముందు గోలెంలోకి తొంగి చూడాలి. అదే మా మొదటి రూల్.

ఈ గొడవ తర్వాత ఎక్కడికి వెళ్లినా నా కళ్లు తొట్టెల మీదే ఉంటున్నాయి. 2025లో ఉపాధి హామీ నిధులతో రాష్ట్రంలో చాలా ఊళ్లలో పశువుల నీటి తొట్టెలు కట్టే పని జరిగింది. మంచి పని. మనుషులకి చలివేంద్రం పెట్టినట్టే కదా. కాకపోతే తొట్టె కట్టడం కొన్నాళ్ల పని, నింపడం, కడగడం రోజూ పని. మీ ఊళ్లో ఒకటి ఉంటే ఈ వేసవిలో అటు వెళ్లినప్పుడు ఒక్కసారి తొంగి చూడండి. ఎండిపోయి ఉంటే దగ్గర్లో ఉన్నవాళ్లకి చెప్పండి.

మీరూ చేయాలనుకుంటే..

* ముందు నీళ్లు పరీక్షించుకోండి. టీడీఎస్ మీటర్ చవకే. అది ఉప్పు సంగతే చెబుతుంది. క్రిములు, నాచు విషాల సంగతి చెప్పదు. అనుమానముంటే రైతు సేవా కేంద్రంలో పశు సంవర్ధక సహాయకుల్ని అడగండి.

* ట్యాంకుకీ గోలేనికీ నీడ ఉండాలి. మేం తాటాకు పందిరి వేశాం. పైపుని భూమిలో పూడ్చండి. ఎండలో పడేస్తే మధ్యాహ్నం వేడినీళ్లు వస్తాయి, గేదె మూతి పెట్టదు.

* స్టాండ్ టన్ను పైన బరువు మోయాలి. పశువులు రుద్దుకోకుండా చుట్టూ కర్రలు పాతండి.

* వారానికోసారి గోలెం ఖాళీ చేసి రుద్ది కడగాలి. పదిహేను రోజులకోసారి లోపల సున్నం కొట్టి ఆరనిస్తే పాకుడు పట్టదు.

* నీళ్లు చిక్కటి ఆకుపచ్చ రంగులోకి మారి, పైన తెట్టు కడితే వాడకండి. కొన్ని రకాల నాచు పశువుల ప్రాణం తీస్తుంది.

* 1962 నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలోనూ ఉండాలి. కీప్యాడ్ ఫోన్‌లో కూడా.

* ఖర్చు: మాకు ట్యాంకు 6,500, స్టాండ్ 9,000, మోటారు 4,800, పైపులు 3,200, జేసీబీ 3,600, సిమెంట్ పని 3,000, సెన్సార్ సామాను 1,400, వాల్వ్‌లు, ఫిల్టర్ కలిపి ఇంకో వెయ్యి. మొత్తం 32,500 రూపాయలు. ఎర్ర గుడ్డ ఉచితం.

శ్రావణంలో చుక్క ఈనింది. పెయ్యదూడ. తల్లికి లాగే నుదుటి మీద మచ్చ. ఆ రాత్రి అమ్మమ్మ ఫోన్ మోగుతూనే ఉంటే గుండె ఆగినంత పనైంది. ఎత్తితే నవ్వుతోంది.

ఇప్పుడు ఆ దూడకి ఒక చెడ్డ అలవాటైంది. గోలెం మీద ముందుకాళ్లు పెట్టి ఎర్ర గుడ్డని నమిలేస్తోంది. నెలకి రెండు గుడ్డలు మార్చాల్సి వస్తోంది. పోయిన ఆదివారం వెళ్తే అమ్మమ్మ పాత జాకెట్లన్నీ అయిపోయాయని చెప్పి, నేను వేసుకున్న ఎర్ర టీషర్టు వైపు చూసింది. మా కంపెనీ ఇచ్చింది. వెనకాల పెద్ద అక్షరాలతో లోగో కూడా ఉంది.

ప్రస్తుతం అది గోలెం మీద ఎగురుతోంది.